డెన్మార్క్ ఆఫీసులో బాస్‌ని పేరుపెట్టి పిలవడం వెనక ఏముంది?

డెన్మార్క్‌లో కనీస వేతనం ఇంత అని చెప్పే చట్టం లేదు. ఉద్యోగిని తీసెయ్యడం కూడా యూరప్‌లోని చాలా దేశాలతో పోలిస్తే తేలిక. ఈ రెండు ముక్కలే విన్నవాళ్లకి, అక్కడి ఉద్యోగులు బాస్ ముఖం చూసి భయంభయంగా మాట్లాడుతుంటారని అనిపిస్తుంది. ఉన్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం. డైరెక్టర్‌ని కూడా పేరుపెట్టే పిలుస్తారు. మొన్న మొన్న చేరిన కుర్రాడు మీటింగ్‌లో "ఈ ప్లాన్ పనిచెయ్యదు" అని అందరి ముందూ అన్నా ఎవరూ ఉలిక్కిపడరు. సాయంత్రం నాలుగు దాటేసరికి ఆఫీసులు ఖాళీ అయిపోతాయి. వెళ్లిపోయేవాళ్లలో మేనేజర్ కూడా ఉంటాడు.

దీనికి మామూలుగా చెప్పే కారణాలు రెండు. డేనిష్ ప్రజలు స్వభావరీత్యా సమానత్వం ఇష్టపడేవాళ్లని ఒకటి. "నువ్వు మాకంటే గొప్పవాడివని అనుకోకు" అనే అర్థంలో అక్కడ ప్రచారంలో ఉన్న యాంటే నియమాలు రెండోది. ఈ నియమాలు నిజానికి 1933లో వచ్చిన ఒక నవలలోవి. చిన్న ఊళ్లో ఒకరినొకరు తొక్కిపెట్టుకునే సంకుచితత్వాన్ని విమర్శించడానికి రాసినవి. వాటిని తీసుకొచ్చి ఆఫీసు మర్యాదలకు మూలం అనడం సరిపోదు. స్వభావం ఒక్కటే కారణమైతే అదే స్వభావం 1950ల్లోనూ ఉండాలి కదా. అప్పటి ఆఫీసుల్లో పైవాళ్లని ఇంటిపేరుతో, గౌరవవాచకంతోనే పిలిచేవారు. 1960ల చివర మొదలై 1970ల్లో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఆ గౌరవవాచకం దాదాపు రాజకుటుంబానికే మిగిలింది.

అక్కడి మర్యాదలు నిలబడింది ఒప్పందాల మీద. యాజమాన్యాలూ యూనియన్లూ నూటపాతికేళ్లుగా బేరమాడి, కొట్లాడి, రాసుకున్న ఒప్పందాలవి. అవి తెలియకుండా పైపై మర్యాదలు నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. కోపెన్‌హేగన్‌లోనో ఆర్హూస్‌లోనో ఉద్యోగానికి వెళ్లే తెలుగువాళ్లకి ఇది తెలియడం చాలా అవసరం. నోవో నార్డిస్క్, మెర్స్క్ లాంటి డేనిష్ కంపెనీల బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో పనిచేస్తూ రోజూ అక్కడివాళ్లతో కాల్స్‌లో మాట్లాడేవాళ్లకి కూడా అవసరమే.

1899లో కుదిరిన రాజీ

డెన్మార్క్ జనాభా ఇప్పటికీ దాదాపు 60 లక్షలే, హైదరాబాద్ నగరం కన్నా తక్కువ. 1890ల చివరికే అక్కడ యజమానులు ఒక సంఘంగా, కార్మిక సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డారు. 1899 వసంతంలో యూట్‌లాండ్ ప్రాంతంలోని కొన్ని ఊళ్లలో వడ్రంగులు సమ్మెకు దిగారు. యజమానుల సంఘం దీన్ని చిన్న గొడవగా వదిలెయ్యలేదు. దేశవ్యాప్తంగా లాకౌట్ ప్రకటించింది. సుమారు 40 వేల మంది కార్మికులు మూడు నెలలకు పైగా పని లేకుండా ఉండిపోయారు. ఇతర దేశాల కార్మిక సంఘాలు పంపిన విరాళాలు వాళ్లను ఆదుకున్నాయి. ఎవరూ పూర్తిగా గెలవలేదు. సెప్టెంబర్ 5న రాజీ కుదిరింది.

ఆ రాజీలో ఇచ్చిపుచ్చుకున్నవి రెండు. యూనియన్లు కట్టుకునే, బేరమాడే హక్కును యజమానులు ఒప్పుకున్నారు. పనిని నడిపించే, పంచే హక్కు యజమానిదేనని యూనియన్లు ఒప్పుకున్నాయి. ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం సమ్మెలు చెయ్యకూడదు. ఒప్పందాన్ని ఎవరైనా మీరారని గొడవ వస్తే తేల్చడానికి 1910లో ప్రత్యేక కార్మిక న్యాయస్థానం ఏర్పడింది. నడిపించే హక్కు యజమానిదేనన్న రెండో అంశాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఆఫీసు వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి అదే కీలకం. నడిపించే హక్కు తనదేనని అవతలి పక్షం కాగితం మీద ఒప్పుకున్నాక, మేనేజర్ రోజూ గొంతు పెంచి దాన్ని నిరూపించుకోవాల్సిన పని లేదు. కింద ఉన్న మనిషి వెనక అతని సంఘం ఉంది. కాబట్టి అతను కూడా ఒంటరిగా బతిమాలుకోవాల్సిన పని లేదు.

జీతాలు, పని గంటలు, ఓవర్‌టైమ్ ఇప్పటికీ పార్లమెంటులో కన్నా బేరసారాల బల్ల దగ్గరే ఎక్కువగా తేలుతాయి. కొన్నేళ్లకోసారి పరిశ్రమల రంగంలో ముందు ఒప్పందం కుదురుతుంది, మిగతా రంగాలు దాన్ని అనుసరిస్తాయి. ఉద్యోగుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఏదో ఒక యూనియన్‌లో ఉన్నారు. కనీస వేతనాల మీద యూరోపియన్ యూనియన్ 2022లో ఒక ఆదేశం తెస్తే, దాన్ని రద్దు చెయ్యమని డెన్మార్క్ ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది. డేనిష్ యూనియన్లు కూడా ఆ ఆదేశాన్ని వ్యతిరేకించాయి. జీతం తేల్చే పని చట్టం చేతికి వెళ్తే తమ బేరమాడే శక్తి తగ్గిపోతుందని వాటి భయం.

ఈ పద్ధతిలో చేరనన్న కంపెనీకి ఏమవుతుందో చెప్పడానికి మెక్‌డొనాల్డ్స్ ఉదాహరణ ఉంది. 1981లో డెన్మార్క్‌కి వచ్చిన ఆ కంపెనీ యూనియన్‌తో ఒప్పందానికి చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 1980ల చివర ఇతర రంగాల కార్మికులు సానుభూతి సమ్మెలకు దిగి, దాని సరుకుల రవాణా, సరఫరాలను ఆపే ప్రయత్నం చేశారు. కంపెనీ చివరికి దారికొచ్చింది. ఇలాంటి సానుభూతి సమ్మె అక్కడ చట్టబద్ధం.

తీసెయ్యడం తేలిక, పడిపోవడం కష్టం

ఆఫీసు ఉద్యోగులకు 1938 నుంచి ఒక ప్రత్యేక చట్టం ఉంది. ప్రొబేషన్ మూడు నెలలకు మించకూడదు, ఆ కాలంలో 14 రోజుల నోటీసు చాలు. ఆ తర్వాత మొదటి ఆరు నెలల సర్వీసు లోపు యజమాని ఒక నెల నోటీసు ఇవ్వాలి, అది దాటితే మూడు నెలలు. ఇక మూడేళ్లకో నెల చొప్పున పెరుగుతూ ఆరు నెలల దగ్గర ఆగుతుంది. ఉద్యోగి తనంతట తాను మానెయ్యాలంటే ఎప్పుడైనా ఒక నెల నోటీసు చాలు. ఈ చట్టం కిందకి వచ్చేవాళ్లకి 12 ఏళ్ల సర్వీసు నిండేవరకూ తీసేసినప్పుడు నోటీసుకు మించి ఇచ్చే అదనపు జీతమేమీ ఉండదు. నోటీసు కాలంలో పనికి రానక్కర్లేదని చెప్పి జీతం మాత్రం ఇచ్చే పద్ధతీ మామూలే.

ఉద్యోగం పోయినవాళ్లని పట్టుకునేది ఆ-కాస్సె, అంటే నిరుద్యోగ బీమా నిధి. 1907 చట్టంతో వీటికి ప్రభుత్వ సాయం మొదలైంది. చేరడం తప్పనిసరి కాదు. నెలనెలా చందా కట్టినవాళ్లకి ఉద్యోగం పోతే పాత జీతంలో 90 శాతం దాకా వస్తుంది. కాకపోతే దానికి పైన ఒక పరిమితి ఉంది, నెలకు 20 వేల క్రోనర్ల (డెన్మార్క్ కరెన్సీ) పైచిలుకు, పన్నుకు ముందు. మంచి జీతం తీసుకునే ఇంజనీర్‌కి అది పాత జీతంలో సగం కూడా కాకపోవచ్చు. అందుకే చాలామంది పైన ఇంకో జీతం బీమా కూడా తీసుకుంటారు. మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లపాటు ఈ భృతి పొందవచ్చు. ఆ కాలంలో ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపించాలి, మీటింగ్‌లకి పిలిస్తే వెళ్లాలి.

1993 నుంచి 2001 దాకా ప్రధానిగా ఉన్న పౌల్ న్యూరప్ రాస్ముసెన్ కాలంలో ఈ ఏర్పాటుకి ఫ్లెక్సిక్యూరిటీ (తీసెయ్యడంలో వెసులుబాటు, పోయినవాళ్లకి భద్రత) అనే పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆయన రాజకీయాల్లోకి రాకముందు కార్మిక సమాఖ్యలో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేశారు. పేరు కొత్తదే గానీ అసలు సరుకు పాతది.

మీటింగ్‌లో మౌనంగా కూర్చుంటే

ఇంత నేపథ్యం ఉన్నాక మీటింగ్‌లో జరిగేది వింతగా అనిపించదు. బాస్‌తో విభేదించినందుకు ఉద్యోగం పోయినా ఇల్లు గడుస్తుందన్న ధైర్యం ఉన్నవాళ్లు నోరు విప్పుతారు. కొన్ని తరాలు అలా గడిచాక అది ధైర్యం అనిపించుకోవడం మానేసి మామూలు మర్యాద అయిపోయింది. ఇప్పుడు అభిప్రాయం చెప్పకపోవడమే తప్పుగా లెక్క. మౌనంగా కూర్చున్న మనిషి ఒప్పుకున్నట్టో, విషయం మీద ఆసక్తి లేనట్టో అనుకుంటారు. గౌరవంతో ఊరుకున్నాడని ఎవరికీ తోచదు.

మన ఆఫీసుల్లో పెరిగినవాళ్లకి ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. "సరే సార్, చేసేద్దాం" అనడం మన దగ్గర చాలాసార్లు మర్యాద. గడువులోగా అవ్వదని మనసులో తెలిసినా ముందు సరే అంటాం, తర్వాత చూసుకుందాం అనుకుంటాం. డేనిష్ మేనేజర్ దృష్టిలో ఆ "సరే" ఒక మాట ఇవ్వడం. మంగళవారం నాడే "శుక్రవారానికి అవ్వదు, ఇంకో వారం కావాలి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు, కూర్చుని ప్లాన్ మారుస్తారు. శుక్రవారం మధ్యాహ్నం అదే మాట చెప్తే నమ్మకం పోతుంది. అక్కడ నమ్మకం పోవడం చిన్న విషయం కాదు. పనిని గంటగంటకీ చెక్ చెయ్యకుండా వదిలేసేది ఆ నమ్మకం మీదే.

రెండో అపార్థం ఇంకా లోతైనది. డేనిష్ మేనేజర్ సాధారణంగా ఏం కావాలో చెప్తాడు, ఎలా చెయ్యాలో చెప్పడు. మధ్యలో వచ్చి అడగడు. మన కుర్రాడు సూచనల కోసం ఎదురుచూస్తాడు. రెండు వారాలు గడుస్తాయి. "ఇతనికి చొరవ లేదు" అని మేనేజర్ అనుకుంటాడు, "ఈయన నన్ను పట్టించుకోవడం లేదు" అని కుర్రాడు అనుకుంటాడు. ఇద్దరిలో ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు. వెళ్లి "నేను ఇలా చేద్దామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగితే చాలు. అలా అడగడాన్ని అక్కడ చేతకానితనంగా చూడరు. అసలు మేనేజర్ ఉన్నది అందుకేనని అనుకుంటారు.

విమర్శ పని మీదే ఉంటుంది, మనిషి మీద కాదు. నిర్ణయం జరిగేదాకా అందరూ వాదిస్తారు, అందుకే నిర్ణయాలకు టైమ్ పడుతుంది. ఒకసారి తేలాక మళ్లీ తవ్వరు. మీటింగ్‌కి అయిదు నిమిషాలు ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టాలి. ఏడాదికోసారి ప్రతి ఉద్యోగీ తన మేనేజర్‌తో కూర్చుని ఏం బాగుంది, ఏం బాలేదు, ముందు ఏం నేర్చుకోవాలి అని మాట్లాడుకుంటారు. అందులో మేనేజర్ మీద ఫిర్యాదు ఉన్నా చెప్పొచ్చు.

ఈ సమానత్వం మాటల దగ్గర ఆగిపోలేదు. కనీసం 35 మంది ఉద్యోగులున్న కంపెనీలో, ఉద్యోగులు కోరితే, డైరెక్టర్ల బోర్డుకి తమలోంచి సభ్యులను ఎన్నుకోవచ్చు. వాటాదారులు ఎన్నుకున్న సభ్యుల సంఖ్యలో సగం దాకా, కనీసం ఇద్దరు. 1970ల మొదట్లో వచ్చిన చట్టం ఇది. ఒప్పందాలున్న చోట్ల సిబ్బంది ఎన్నుకున్న యూనియన్ ప్రతినిధి కూడా ఉంటారు. బలమైన కారణం లేకుండా ఆ ప్రతినిధిని తీసెయ్యడానికి వీల్లేదు. మేనేజర్‌తో కఠినమైన సంభాషణ ఉన్నప్పుడు ఆ ప్రతినిధిని పక్కన కూర్చోబెట్టుకోవడం మామూలు విషయం, తిరుగుబాటు కాదు.

37 గంటల వెనక పోరాటాలు

వారానికి 37 గంటలు అన్నది చట్టం కాదు. 1987 ఒప్పందంలో 39 నుంచి మెల్లగా తగ్గిస్తూ 1990కి 37కి తెచ్చారు. సాయంత్రం నాలుగుకి లేచి వెళ్లేవాళ్లలో చాలామంది పిల్లల్ని డేకేర్ నుంచి తెచ్చుకోవడానికి వెళ్తారు, ఎందుకంటే అవి ఐదు లోపే మూసేస్తారు. భార్యాభర్తలిద్దరూ పనిచేసే సమాజం కాబట్టి నాలుగున్నరకి మీటింగ్ పెట్టడం అమర్యాద. రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచేవాళ్లు లేకపోలేదు. రోజుకి ఎంతసేపు పనిచేశారో నమోదు చేసే వ్యవస్థ ప్రతి కంపెనీలోనూ ఉండాలని 2024 జూలై 1 నుంచి చట్టం వచ్చింది.

చట్టం ప్రకారం సెలవు ఏడాదికి ఐదు వారాలు. అందులో మూడు వారాలు వరసగా, మే నుంచి సెప్టెంబర్ లోపు తీసుకునే హక్కు ఉంది. చాలా ఒప్పందాల్లో ఆరో వారం కూడా కలుస్తుంది. ఆ ఆరో వారం ఊరికే రాలేదు. 1998లో యూనియన్ నాయకులు ఒప్పుకున్న ఒప్పందాన్ని సభ్యులు ఓటు వేసి తిప్పికొట్టారు. సుమారు ఐదు లక్షల మంది సమ్మెకు దిగారు. రొట్టెల కొరత వస్తుందని జనం షాపుల్లో ఈస్ట్ మొత్తం కొనేశారు. ఆ సమ్మెని అక్కడ ఇప్పటికీ ఈస్ట్ పేరుతోనే గుర్తు చేసుకుంటారు. పదకొండు రోజులకి పార్లమెంటు చట్టం చేసి సమ్మె ఆపించింది, కొద్ది రోజుల అదనపు సెలవు ఇచ్చింది. 2000లో కుదిరిన ఒప్పందంతో మిగతా రోజులు వచ్చాయి. ఇంత గొడవపడి తెచ్చుకున్న సెలవు కాబట్టే దాన్ని వాడుకోకుండా వదిలేసేవాళ్లని అక్కడ ఎవరూ మెచ్చుకోరు. సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చెయ్యడం కూడా మర్యాద కాదు. జూలైలో దేశం దాదాపు నిద్రపోతుంది. ఆ నెలలో డేనిష్ క్లయింట్ నుంచి సంతకం ఆశించి ప్రాజెక్ట్ ప్లాన్ వేసుకుంటే టెన్షన్ తప్పదు. ఇంకో మాట, అక్కడ తేదీలకు బదులు వారం నంబర్ చెప్తారు. "42వ వారంలో కలుద్దాం" అంటే అక్టోబర్ మధ్యలో, స్కూళ్లకి శరదృతువు సెలవులున్నప్పుడు అని అర్థం.

పిల్లలు పుట్టాక తల్లికి 24 వారాలు, తండ్రికి 24 వారాలు లీవు. ఇందులో ఉద్యోగులకు చెరో 11 వారాలు ఒకరిది మరొకరికి బదిలీ చెయ్యడానికి వీల్లేదు, వాడకపోతే పోతాయి. 2022 ఆగస్టు 2 నుంచి పుట్టిన పిల్లలకి ఇది వర్తిస్తుంది. అందుకే రెండు మూడు నెలలు కనిపించని మగ మేనేజర్ అక్కడ కొత్తేమీ కాదు. పిల్లకి జ్వరమొస్తే మొదటి రోజు ఇంట్లో ఉండే హక్కు చాలా ఒప్పందాల్లో ఉంది.

పార్లమెంటు ఈ రంగంలో వేలుపెడితే ఏమవుతుందో 2023లో కనిపించింది. 1686 నుంచి ఉన్న మహా ప్రార్థన దినం అనే సెలవును రక్షణ ఖర్చు కోసమంటూ ప్రభుత్వం రద్దు చేసింది. ఆ ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు కనీసం 50 వేల మంది చేరారు. బదులుగా జీతంలో 0.45 శాతం కలిపి ఇస్తామన్నా కోపం చల్లారలేదు. పోయిన ఒక్క రోజు కన్నా, తమను అడగకుండా తీసుకున్నారన్నదే యూనియన్లను ఎక్కువ నొప్పించింది.

భోజనాల బల్ల దగ్గర

మధ్యాహ్న భోజనం పదకొండున్నరకే. డైరెక్టరూ, రిసెప్షనిస్టూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఎవరి ప్లేటు వాళ్లే తీసుకెళ్లి డిష్‌వాషర్‌లో పెడతారు. పుట్టినరోజున కేక్ తెచ్చేది ఆ మనిషే, సహోద్యోగులు కాదు. చాలా ఆఫీసుల్లో శుక్రవారం పొద్దున అందరికీ రొట్టెలు, వెన్న, చీజ్ తెచ్చే వంతు ఒకటి ఉంటుంది. అది మర్చిపోతే ప్రాజెక్ట్ గడువు తప్పినంతగా గుర్తుపెట్టుకుంటారు.

బయటినుంచి వచ్చినవాళ్లు ఒంటరితనం రుచి చూసేది కూడా ఈ బల్ల దగ్గరే. మీటింగ్ ఇంగ్లీషులో సాఫీగా నడుస్తుంది, భోజనం దగ్గర కబుర్లు డేనిష్‌లోకి జారిపోతాయి. ఎవరినీ వెలివేయాలని కాదు, రోజంతా పరాయి భాషలో మాట్లాడి అలసిపోయి అలా మారిపోతారు. అయినా పక్కన కూర్చున్నవాళ్లకి కష్టం కష్టమే. మునిసిపాలిటీల ద్వారా పెద్దలకు డేనిష్ తరగతులుంటాయి. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతోంది కదా అని వీటిని వదిలేసుకోవడం పెద్ద నష్టం. పైగా సాయంత్రం నాలుగు తర్వాత సహోద్యోగి స్నేహితుడిగా కొనసాగుతాడని ఆశించకూడదు. ఆఫీసు సంబంధాన్ని అక్కడివాళ్లు ఇంటిదాకా తీసుకెళ్లరు.

హోదాలు కనిపించకపోవడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అధికారం లేనట్టు కనిపిస్తుంది గానీ ఉంటుంది. 2020 శరదృతువులో లైంగిక వేధింపుల మీద డెన్మార్క్‌లో పెద్ద చర్చ లేచింది. టీవీ, రాజకీయ రంగాల్లోని వందలాది మహిళలు బహిరంగంగా మాట్లాడారు, ఆ అక్టోబర్‌లో కోపెన్‌హేగన్ మేయర్ రాజీనామా చేశారు. మందు ధారాళంగా పారే క్రిస్మస్ విందుల్లో, "మనమంతా ఒకటే" అనే వాతావరణంలో, కిందివాళ్లు కాదనలేని పరిస్థితులు ఎలా వస్తాయో అప్పుడు అందరూ చూడాల్సి వచ్చింది.

బయటినుంచి వచ్చినవాళ్లకి అందే సగం

యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ఇంజనీర్లు ఎక్కువగా జీతం పరిమితి పథకం కింద, అంటే కనీసం ఇంత జీతం ఉంటేనే వర్తించే పథకం కింద, పని చేసే పర్మిట్ తెచ్చుకుంటారు. 2025లో ఆ పరిమితి ఏడాదికి 5,14,000 క్రోనర్లు. ఆ పర్మిట్ ఫలానా ఉద్యోగానికి కట్టి ఉంటుంది, కంపెనీ మారితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. శాశ్వత నివాసానికి మామూలుగా ఎనిమిదేళ్లు పడుతుంది, అదనపు షరతులన్నీ తీరిస్తే నాలుగు. అంటే డేనిష్ సహోద్యోగికి ఉద్యోగం పోవడం ఒక జీతం పోవడం, పరాయి దేశపు సహోద్యోగికి అది ఇల్లు, పిల్లల స్కూలు, దేశం పోయే ప్రమాదం. తేలిగ్గా తీసెయ్యగలగడం ఇద్దరికీ సమానంగానే వర్తిస్తుంది. పడిపోకుండా పట్టుకునే ఏర్పాటు సమానంగా అందదు. అందుకే మీటింగ్‌లో మౌనంగా కూర్చున్న భారతీయుడిని చూసి "వాళ్ల సంస్కృతి అంతే" అనడం అన్యాయం. అతని భయానికి లెక్క ఉంది. ఈ విషయాన్ని డేనిష్ మేనేజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు అర్థం చేసుకోవాల్సినంతగా అర్థం చేసుకోలేదు.

అందువల్ల కొత్తగా వెళ్లేవాళ్లు కేక్ సంగతి, వారం నంబర్ల సంగతి నేర్చుకోవడంతో పాటు కొన్ని కాగితాల పనులు మొదట్లోనే చేసుకోవాలి. 2023 జూలై నుంచి ముఖ్యమైన ఉద్యోగ షరతులు పనిలో చేరిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, అందకపోతే అడగాలి. తమ కంపెనీకి యూనియన్ ఒప్పందం ఉందో లేదో తెలుసుకోవాలి. ఐటీ కంపెనీల్లో చాలా వాటికి ఉండదు, అప్పుడు ఆరో వారం సెలవు, లీవులో పూర్తి జీతం లాంటివి కాంట్రాక్టులో రాసి ఉంటేనే వస్తాయి. యూనియన్, ఆ-కాస్సె రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, అవి వేరువేరు. కాంట్రాక్టు చదివి పెట్టేది, తీసేసినప్పుడు వాదించేది యూనియన్. డబ్బు ఇచ్చేది ఆ-కాస్సె. తమ పర్మిట్ మీద భృతి వస్తుందా, ఎంతకాలం వస్తుందన్నది ఆ-కాస్సెకి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. భృతి కావాలంటే కనీసం ఏడాది సభ్యత్వం ఉండాలి. ఆ ఏడాది లెక్క చేరిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, మొదటి జీతం పడిన నెలలోనే చేరడం మంచిది.